బ్రేకులో గాలి, నా కాలి మీద నింద

దుబాయ్‌లో డ్రైవింగ్ లైసెన్సు నాకు ఆరోసారికి వచ్చింది. ఈ సంగతి నేను దాచను. దాచుదామన్నా మా ఆయన దాచనివ్వడు. ఇంటికి ఎవరొచ్చినా, వాళ్లు టీ గ్లాసు కింద పెట్టేలోపల ఆ ఆరు పరీక్షల కథా చెప్పేస్తాడు. మొదటిసారి అద్దం చూసుకోలేదు, రెండోసారి చూసుకుంటూనే ఉండిపోయింది, మూడోసారి పోలీసాయనకి నమస్కారం పెట్టి బెల్టు మర్చిపోయింది, ఇలా వరసగా. తనకి మొదటిసారికే వచ్చిందని కూడా చెబుతాడు. అది మాత్రం ఎవరూ అడగరు.

లైసెన్సు వచ్చిన నెలకే కారు కొన్నాం. పాతదే, హైబ్రిడ్డు. నెమ్మదిగా పోయేటప్పుడు బ్యాటరీ మీద నడుస్తుంది, వచ్చిందో పోయిందో కూడా తెలీదు. మేముండేది అల్ కుసైస్‌లో. నేను నర్సుగా పనిచేసే క్లినిక్కి అక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు. ఆయన ఉద్యోగం దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో. కంపెనీ బస్సు మా బిల్డింగు దగ్గరికే వస్తుంది కాబట్టి ఆయనకి కారుతో పని లేదు. కారు నాది. అలా అనుకునే కొన్నాం.

రెండో నెలనుంచి నాకు ఒక శబ్దం వినపడేది. డ్రైవరు వైపు తలుపు తీయగానే బానెట్ లోపల గుర్‌ర్‌మని ఒక మోటారు కాసేపు తిరిగి ఆగిపోతుంది. అది మామూలేనట, ఈ కార్లన్నిటికీ ఉంటుందట. సరే. కానీ అది సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు కూడా తిరగడం మొదలుపెట్టింది. ముందు నిమిషానికోసారి. తర్వాత పది లెక్కపెట్టేలోపల ఒకసారి.

ఆయనకి చెప్పాను. కారెక్కి, రేడియో పెట్టుకుని, ఒక రౌండు కొట్టి వచ్చాడు. "నాకేం వినపళ్ళేదే. నీకు లేనిపోని శబ్దాలన్నీ వినపడతాయిమే. ఆస్పత్రిలో ఆ మిషన్ల మధ్య ఉండీ ఉండీ చెవులు అట్టా అయినాయి," అన్నాడు.

ఆస్పత్రిలో మిషన్ల మధ్య ఉండబట్టే, ఏ శబ్దం ఎప్పుడు లయ తప్పిందో నాకు తెలుస్తుంది. ఆ మాట ఆయనతో అనాల్సింది. అనలేదు. నెల్లూరి మనిషితో వాదన పెట్టుకుంటే డ్యూటీకి ఆలస్యమవుతుంది. నాదీ నెల్లూరే, అందుకే తెలుసు.

ఆ తర్వాత ఒకరోజు సూపర్‌మార్కెట్ పార్కింగులో కారు పెడుతున్నాను. బ్రేకు మీద కాలేశాను. పెడల్ పరుపు మీద అడుగేసినట్టు కిందికి దిగిపోయింది. ఇంకా గట్టిగా తొక్కాను. కారు ఆగింది గాని, ట్రాలీల వరసని గుద్దిన తర్వాత ఆగింది. ట్రాలీలు తలా ఒక దిక్కుకి పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఒక్క నిమిషం ముందు, అదే చోట, ఒకావిడ కూర్చుని బిడ్డకి చెప్పు తొడుగుతూ ఉంది. నేను ఖాళీ కోసం తిరుగుతూ చూశాను ఆమెని. ఆ నిమిషం నా మనసులోంచి పోలేదు.

ఆయన టాక్సీలో వచ్చాడు. కారెక్కి బ్రేకు తొక్కి చూశాడు. ఒకటికి నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ బ్రహ్మాండంగా పట్టింది. కిందికి దిగి నా వైపు జాలిగా చూసి, "బ్రేకు అనుకొని ఇంకోటేదో తొక్కుంటావు. లేదా కాలు ఆలస్యంగా పడుంటది. పోనీలే," అన్నాడు.

పోనీలే అన్నాడు గాని పోనివ్వలేదు. ఆరు పరీక్షల కథకి ఏడోది చేరింది. సత్వాలో ఉండే ఆయన స్నేహితులకి, ఫ్యాక్టరీలో తోటివాళ్లకి, ఊళ్లో మా అమ్మకి కూడా ఫోన్లో చెప్పాడు. చెడ్డ మనసుతో కాదు. నవ్వించడం ఆయనకి ఇష్టం, నా దగ్గర సరుకు దండిగా ఉంది. నేనూ వాళ్లతోపాటు నవ్వాను. కానీ తాళం మేకుకి తగిలించాను. ఏడాదిన్నర దాన్ని ముట్టుకోలేదు. పొద్దున్నే ఐదున్నరకి ఆయన లేచి నన్ను క్లినిక్కులో దించి, వెనక్కొచ్చి కారు పెట్టి, తన బస్సెక్కేవాడు. సాయంత్రం నేను బస్సులో వచ్చేదాన్ని. ఐదుసార్లు తప్పినా వదలకుండా తెచ్చుకున్న లైసెన్సు పర్సులో ఆధార్ కార్డు వెనక పడి ఉండేది. ఇక జన్మలో స్టీరింగ్ పట్టనని దాదాపు నిర్ణయించుకున్నాను.

శుక్రవారం సెలవు పోయి శని ఆదివారాలు సెలవులైన కొత్తలో, ఒక సాయంత్రం సరుకులకని కారు తీసుకుపోయిన ఆయన ఉత్తచేతులతో ఇంటికి వచ్చాడు. కారులో ఎర్ర లైటు, పసుపు లైటు ఒకేసారి వెలిగి, కీమని చెవులు చిల్లులు పడేలా కూత మొదలైందట. బ్రేకు రాయిలాగా అయిపోయి, తర్వాత దిగిపోయిందట. అదృష్టం కొద్దీ మా వీధిలోకి తిరిగాక జరిగింది. మంచినీళ్లు తాగి, నాకేదో కొత్త విషయం చెబుతున్నట్టు, "శబ్దం వస్తా ఉందిమే," అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నం వడ్డించి ఊరుకున్నాను.

మెకానిక్ జగిత్యాల వైపు మనిషి. అల్ కుసైస్ ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీ. ఒకసారి చేతికి స్పానరు జారి కోసుకుంటే నేనే కుట్లకి డాక్టరు పక్కన నిలబడ్డాను. అప్పట్నుంచి నన్ను అక్కా అంటాడు. నన్ను అక్కా అన్నాక మా ఆయన బావ అయ్యాడు. ఆ వరస కలిసినప్పట్నుంచి మా ఆయన్ని ఆట పట్టించడానికి అతను ఎవరి అనుమతీ అడగడు.

అతను తలుపు తీసి, చెవి అటు పెట్టి, నిమిషం విన్నాడు. "ఎప్పటిసంది వస్తుంది ఈ సప్పుడు?" అనడిగాడు.

"రెండు వారాలు," అన్నాడు మా ఆయన.

"ఏడాదిన్నర పైనే," అన్నాను నేను.

అతను ఇద్దరినీ చూసి, ఎవరి మాట రాసుకున్నాడో తెలీదు గాని, బానెట్ ఎత్తాడు. నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఈ బండ్లలో మన కాలు బ్రేకుకి కబురు మాత్రం చేరవేస్తుందట. అసలు నొక్కేది యాక్చుయేటర్ అనే ఒక అల్యూమినియం పెట్టె. అది మోటారుతో బ్రేకు ఆయిల్‌ని ఒత్తిడి పెట్టి నిలవ ఉంచుకుంటుంది. దాని లోపల ఎక్కడో కారుతోంది, ఒత్తిడి నిలవడం లేదు, అందుకే మోటారు మాటిమాటికీ తిరుగుతోంది. పెట్టె మొత్తం మార్చాలి. "మార్చుడు పెద్ద పని గాదక్కా. దాన్ల గాలి దీసుడే అసలు కత," అన్నాడు.

ఆదివారం పొద్దున పోయాం. కొత్త పెట్టె అప్పటికే బిగించేశాడు. ఇక గాలి తీయాలి. దానికి ఒకరు చక్రం దగ్గర ఉండాలి, ఒకరు పెడల్ దగ్గర ఉండాలి. పెడల్ తొక్కే అతని మనిషి లీవు మీద ఊరికి పోయాడు. మా ఆయన అప్పటికే చొక్కా చేతులు మడిచాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన వ్యానుకి ఈయనే తొక్కేవాడట. ఆ కథ కూడా నాకు కంఠతా వచ్చు.

మెకానిక్ ముందే ఒక కట్టడి పెట్టాడు. డ్రైవరు వైపు తలుపు ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. కారు ఆపేసి ఉన్నా సరే, ఆ తలుపు తీస్తే చాలు, ఎవరో నడపడానికి వస్తున్నారనుకుని ఆ పెట్టెలోని పంపు దానంతటదే నిద్ర లేచి తిరుగుతుంది. పని మధ్యలో తిరిగితే లేనిపోని గాలి మింగుతుంది. గుర్తుకోసం ఆ తలుపు పిడికి ఒక ఎర్రగుడ్డ చుట్టాడు. ఎక్కినా దిగినా పక్క సీటు వైపునుంచే. మా ఆయన పొట్ట వెనక్కి లాక్కుని, గేరు మీదనుంచి పాకి స్టీరింగ్ ముందుకి చేరడం చూసి, మెకానిక్ ముఖం అటు తిప్పుకుని దగ్గాడు.

లాప్‌టాప్ వైరు కారుకి తగిలించారు. ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు పట్టి ఉంచాలో అందులో వస్తుంది. మా ఆయన కాలికి లాప్‌టాప్‌తో ఏం పని? టప్, టప్, టప్‌మని తొక్కి గట్టిగా పట్టి, "ఊఁ, తియ్," అన్నాడు.

"బావా, గది నాయన వ్యాను. గీడ పంపే ఆయిల్‌ను నూకుతది. నువ్వు ఊకె పట్టి ఉంచు."

"పట్టే ఉన్నానబ్బా," అని మళ్లీ టప్, టప్, టప్.

మూడోసారి అతను స్పానరు కింద పెట్టి, ఎంతో మర్యాదగా, "బావా, జర దిగు. అక్కా, నువ్వెక్కు," అన్నాడు.

పెడల్ మీద నేను కాలు పెట్టి ఏడాదిన్నర. కారు జాకీల మీద ఉంది, ఎక్కడికీ కదలదు, చక్రాలు కూడా లేవు. అయినా అరికాలికి చెమట పట్టింది. పక్క సీటు వైపునుంచి ఎక్కి, చున్నీ గేరుకి తట్టుకోకుండా నడుముకి చుట్టుకుని కూర్చున్నాను.

"పట్టు అంటె మెల్లగ తొక్కి పట్టు. ఖలాస్ అనేదాక ఇడువద్దు. ఎంతసేపైనా సరే."

ఇది నాకు తెలిసిన పని. ఎంతసేపైనా సరే, చెప్పేదాకా వదలకుండా పట్టుకోవడం నా ఉద్యోగంలో సగం. అతను పట్టు అన్నాడు, పట్టాను. లోపల మనసులో లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఖలాస్ అన్నాడు, వదిలాను. పది పన్నెండుసార్లయ్యాక, మా ఆయన వినేలాగానే, "అక్క కాలు మస్తు నెమ్మదుంది," అన్నాడు. మా ఆయన పక్క గ్యారేజీలో ఏదో బోర్డు చదువుకుంటున్నట్టు నటించాడు.

ముందు చక్రాలు రెండూ అయ్యాయి. కారు ఆపేసి, నన్ను కాసేపు కాళ్లు సాచుకోమన్నాడు. దిగి చూశాను. చక్రం వెనక గాలి వదిలే నిపుల్‌కి పారదర్శకంగా ఉండే గొట్టం తగిలించి, సీసాలో పెట్టాడు. గొట్టంలో చిన్న బుడగ ఒకటి మెలిక దగ్గర అంటుకుని ఉంది. సెలైన్ గొట్టాల్లో రోజూ చూసేదే. నా చెయ్యి ఊరుకోక వేలితో టక్కున కొట్టాను. బుడగ జారి సీసాలోకి పోయింది. "గిదేందక్కా, నువ్వు మా పనిలకు రావల్సుండె," అన్నాడు మెకానిక్. ఆ ఉదయం నాకు చాలా సంతోషంగా ఉంది. ఒప్పుకోవడానికేం.

బానెట్ కింద డబ్బాలో ఆయిల్ అడుగుకి వచ్చింది. వెనక చక్రాలకి పోయేముందు దాన్ని నింపాలి. అతను కొత్త సీసా మూత తీసి, డబ్బా మీదికి వంచబోయాడు. సరిగ్గా అప్పుడు, పక్క షెడ్డులో పెయింటు పని చేసే పెషావరు పెద్దాయన తుమ్మాడు. రేకులు అదిరేటంత తుమ్ము. తుమ్మి, "అల్‌హందులిల్లా," అన్నాడు తృప్తిగా.

ఆయనకది దేవుడికి థాంక్స్ చెప్పుకునే సందర్భం. ఇక్కడ ముగ్గురు తెలుగువాళ్లం బిగుసుకుపోయాం. మెకానిక్ చేతిలో సీసా అలాగే ఆగిపోయింది. ఒంటి తుమ్ము. ముగ్గురం ఆయన వైపు తిరిగి, రెండోదాని కోసం ఎదురుచూశాం. రెండోది వస్తే దోషం పోతుంది కదా. పెద్దాయన ముక్కు తుడుచుకుని, మమ్మల్ని చూసి, ఎందుకు చూస్తున్నారో తెలీక చెయ్యూపి, మళ్లీ పనిలో పడ్డాడు.

"రెండు నిమిషాలు కూసుందాం," అని మెకానిక్ సీసా కింద పెట్టాడు. "బ్రేకు పని గద. మంచిది గాదు. నీళ్లు తాగుండ్రి."

లాప్‌టాప్‌తో కారుకి గాలి తీసే మనిషి, ఒక్క తుమ్ముకి ఆగిపోయాడని నవ్వే అర్హత నాకు లేదు. నేనూ నీళ్ల సీసా కోసం చూశాను. మా ఆయనకి ఇలాంటి విషయాల్లో మా ఇద్దరికంటే పట్టింపు ఎక్కువ. పైగా పొద్దుట్నుంచి ఆయనకి చేసేందుకు పనేమీ దొరకలేదు. "నువ్వు నిలబడొద్దుమే, కూర్చో," అని నా భుజం మీద చెయ్యేసి, రెండో చేత్తో ఎర్రగుడ్డని పక్కకి తీసి, కారు తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆయన నాకు కారు తలుపు తీయడం అదే మొదటిసారి.

పంపు లేచింది. ఎప్పటి గుర్‌ర్ కాదది. ఎండిపోయిన గొంతుతో, పొడవుగా, ఆపకుండా తిరిగింది. మెకానిక్ నీళ్ల గ్లాసు పారేసి పరిగెత్తాడు. డబ్బా అడుగున ఉన్న కాస్త ఆయిల్ గుటుక్కున పోయింది. దాని వెనకాలే గాలి కూడా పోయింది. అతను బ్యాటరీ వైరు లాగేదాకా ఆ మోటారు ఆగలేదు.

మా ఆయన తలుపు అలాగే పట్టుకుని ఉన్నాడు.

"బావా," అన్నాడు మెకానిక్ చివరికి. "ఇన్నేండ్లల్ల ఎన్నడన్న తీసినవా అక్కకు తలుపు?"

"లేదబ్బా."

"ఇయ్యాల్నే యాదికొచ్చెనా?"

పెద్దాయన వచ్చి ఏమైందని హిందీలో అడిగాడు. మెకానిక్ చెప్పాడు. తన తుమ్ముకీ మా బ్రేకుకీ సంబంధం ఆయనకి ఎంతకీ అర్థం కాలేదు. అర్థమయ్యాక షెడ్డు స్తంభం పట్టుకుని నవ్వాడు. తర్వాత తనతో కలిపి నలుగురికీ చాయ్ తెప్పించి, ఈసారి తుమ్మొస్తే బయటికెళ్లి తుమ్ముతానని హామీ ఇచ్చాడు.

మొత్తం మొదటినుంచి చేయాల్సి వచ్చింది. మళ్లీ ముందు చక్రాలు, తర్వాత వెనక చక్రాలు. వెనక చక్రాలకి నేను పెడల్ పట్టి ఉంచితే చాలు, పంపే ఆయిల్‌ని నెడుతుంది. కాలి కింద ఆ మోటారు సన్నగా వణకడం తెలుస్తుంది. మా ఆయన్ని సీసాలు ఖాళీ చేసే పనికి పెట్టారు. చాలా బుద్ధిగా చేశాడు. మధ్యాహ్నం మూడింటికి గొట్టంలో ఒక్క బుడగ లేకుండా ఆయిల్ తేటగా వచ్చింది. పెడల్ గట్టిగా, ఎత్తులో నిలబడింది. లాప్‌టాప్‌తో కొత్త పెట్టెకి, పెడల్ తొక్కనప్పటి సున్నా ఎక్కడో నేర్పించారు. లైట్లన్నీ ఆరిపోయాయి. చక్రాలు బిగించి, మెకానిక్ ఒక్కడే తీసుకెళ్లి రెండు రౌండ్లు కొట్టి వచ్చాడు.

అప్పుడు పాత పెట్టె తెచ్చి బెంచీ మీద పెట్టాడు. "ఇది నిన్న మొన్న పోయింది గాదక్కా. నువ్వన్నట్టు చాన దినాలాయె. ఇది ఎట్లుంటదంటె, నాలుగుసార్లు మంచిగ పట్టుకుంటది, అయిదోసారి జారుతది. జారినప్పుడు నువ్వెంత తొక్కినా దమ్ముండది. ఎన్నడన్న జారిందా నీకు?"

"ఒకసారి. ట్రాలీలకి తగిలింది."

"మనుషులకు తాకలే. నసీబ్ మంచిగుండె," అన్నాడు అతను, చేతులు తుడుచుకుంటూ.

నేను మా ఆయన వైపు చూడలేదు. చేతులు కడుక్కొస్తానని గ్యారేజీ వెనక్కి పోయాను. అక్కడ టైర్ల గుట్ట పక్కన నిలబడి ఏడ్చాను. ఆయన మీద కోపం ఉంది, లేదనను. కానీ ఎక్కువ కోపం నా మీదే వచ్చింది. ఆయన నా కాలు తప్పన్నాడు. ఒప్పుకున్నది నేను. పెడల్ దిగిపోయింది నా కాలి కింద, తెలిసింది నాకొక్కదానికే. పసిపిల్లల చేతుల్లో కూడా నరం వెతికి సూది గుచ్చే మనిషిని, నా కాలు నాకు చెప్పిన మాట నేనే నమ్మలేదు. ఎవరో నవ్వుతూ ఒక కథ చెబితే దాన్ని నమ్మాను. ఆ ఏడాదిన్నర ఎవరివ్వాలి నాకు?

తిరిగొచ్చేసరికి మెకానిక్ అలవాటు కొద్దీ తాళం బావ చేతికిచ్చేశాడు. ఆయన దాన్ని నా వైపు చాపి, "తీస్తావా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. దారంతా ఆయన రేడియో పెట్టలేదు. ఆయన రేడియో పెట్టకుండా నడపడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఐదున్నరకి లేచి చూస్తే ఆయన పక్కలో లేడు. తాళం మేకుకి లేదు. నా చెప్పుల మీద పెట్టి ఉంది. కిందికి దిగాను. పార్కింగులో కారు ముందు, ఇరవై అడుగుల దూరంలో, లుంగీలో నిలబడి ఉన్నాడు. అప్పట్లో నేను కారు తిప్పినప్పుడల్లా స్తంభం చాటునుంచి కేకలేసే మనిషి, కారుకి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

నేను ఎక్కి, స్టార్టు చేసి, అద్దం దించాను. "పక్కకి రండి," అన్నాను.

"రా," అన్నాడు, పార్కింగు వాళ్లలాగా చేత్తో పిలుస్తూ.

"పిచ్చి పనులు చేయకండి."

"రామే. నేను జరగను."

బ్రేకు వదిలాను. కారు చప్పుడు లేకుండా ముందుకి పాకింది. ఆయన కళ్లు కారు మీద లేవు, నా మీద ఉన్నాయి. తొక్కాను. గట్టిగా, ఉన్న చోటనే ఆగింది. ఆయనకీ కారుకీ మధ్య ఇంకా రెండు బారల దూరం ఉంది. ఆయన వెనక్కి నడిచి మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ చెయ్యూపాడు. మళ్లీ వెళ్లాను, మళ్లీ ఆగాను. మూడోసారి బారెడు దూరంలో ఆపాను. ఆయన కదల్లేదు.

అప్పుడు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, తల ఎత్తకుండా అన్నాడు. "ఆ రోజు కూడా తొక్కే ఉంటావుమే."

"తొక్కాను," అన్నాను. "జరగండి, డ్యూటీకి టైమవుతోంది."